మాట, నడత, మన సంఘ చరిత్ర

(టేకులపల్లి సంఘ సభ్యుడు, విశ్రాంత ఉపాధ్యాయుడు)

శతాబ్ది సంచికకు ఏదైన వ్రాయుమని పెద్దలు అడిగినప్పుడు, కట్టడముల చరిత్ర వ్రాయుటకు నాకంటె తగినవారు ఉన్నారని మనవి చేసినాను. దోర్నకల్ దేవాలయపు గోపురముల సంగతి, ఏ రాయి ఎక్కడనుండి వచ్చినదో ఆ సంగతి తెలిసినవారు వేరే ఉన్నారు. నేను ముప్పదియారు ఏండ్లు అడవి అంచు పల్లెలలో బడిపంతులుగా బ్రతికినవాడిని. పిల్లల నోట వచ్చే మాట విని వాళ్ల ఇంటి సంగతి పసిగట్టుటే నా పని. కాబట్టి మాటను గురించియే వ్రాస్తాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మనవాళ్ల సామెత. హృదయము దేనితో నిండియుంటే అదే నోటినుండి పొర్లి వస్తుందని ప్రభువు పరిసయ్యులతో చెప్పినారు. చెట్టు ఎటువంటిదో పండు చెబుతుందని కూడ ఆ సందర్భములోనే అన్నారు. ఈ రెండూ సండేస్కూలు నాటినుండి మనకు కంఠతా వచ్చినవే. అయితే ఈ వాక్యముల మీద మన ప్రసంగములు ఎక్కువగా తిట్లు మానుట, అబద్ధము మానుట, కొండెములు మానుట అనే మూడింటితోనే ముగుస్తాయి. అవి అవసరమే. కాని మన ప్రాంతపు సంఘ చరిత్రను కాస్త నిదానముగా చదివితే ఇంకొక పరీక్ష కనబడుతుంది. ఎవరి భాష నేర్చుకొన్నాము? ఎవరిని ఏమని పిలిచినాము? ఎవరి ప్రక్కన కూర్చుండి అన్నము తిన్నాము? వచ్చినవారి హృదయమును ఇక్కడి జనము ఈ మూడు ప్రశ్నలతోనే కొలిచినారని నా అభిప్రాయము.

మా టేకులపల్లి నుండి పడమటికి పోతే ఇల్లందు, దానిమీదుగా దోర్నకల్. తూర్పుకు అడవి దాటి పోతే గోదావరి, ఆవలి ఒడ్డున భద్రాచలము, దుమ్ముగూడెము. ఇక్కడి సంతలో ఒక్క పూట నిలబడితే తెలుగు, కోయ, లంబాడీ మాటలు మూడూ వినబడతాయి. బొగ్గుబావుల పుణ్యమా అని ఉర్దూ కూడ కలుస్తుంది. 1871లో కింగ్ దొరగారు బొగ్గు జాడ కనుగొనుట, 1889లో ఇల్లందులో త్రవ్వకము మొదలగుట, దోర్నకల్ జంక్షను నుండి సింగరేణికి రైలు కొమ్మ పడుట, ఇవన్నీ ఈ సంతను పెంచినవి. ఇన్ని నాలుకలున్న చోట ఎవరు ఎవరి భాషలో మాట్లాడుతున్నారనునది చిన్న సంగతి కాదు. బలవంతుడు తన భాషలోనే అడుగుతాడు. బలహీనుడు ఎదుటివాని భాష వెతుక్కొని జవాబు చెప్పుకోవలెను. కోయవారికి తెలుగు రాక తప్పలేదు. తెలుగువారిలో కోయ వచ్చినవారు ఎందరో మీరే లెక్కించుకొనండి.

దుమ్ముగూడెము కథ మొదట చెప్పవలెను, ఎందుకంటే అది దోర్నకల్ కంటె పాతది. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తి చేసిన తరువాత కాటన్ దొరగారికి గోదావరిని ఎగువదాక పడవల దారిగా మార్చవలెనని కోరిక. ఆ దారికి దుమ్ముగూడెము వద్ద రాళ్లు అడ్డము. అక్కడ ఆనకట్ట, కాలువ పనులకు హేగ్ అనే ఇంజనీరు అధికారిగా వచ్చినారు. 1860 ఒడంబడికతో గోదావరి ఎడమ ఒడ్డు నైజామునుండి ఇంగ్లీషువారి చేతికి పోయినది. కుడి ఒడ్డు నైజాముదే. 1871లో ఆ పడవల పథకమును మధ్యలోనే విడిచిపెట్టినారు. నేటికీ ఆ ఆనకట్ట ఉన్నది గాని, దాని మొదటి ఉద్దేశము నెరవేరలేదు. నెరవేరినది మరియొకటి. పనులమీద ఉన్న హేగ్ ప్రార్థనాపరుడు. ఆయన క్రింద ఉద్యోగము చేసిన వెంకటరామరాజు అనే ఆయన క్రీస్తును అంగీకరించి, ఉద్యోగము విడిచి, కోయల మధ్య సువార్తికుడై, తరువాత గురువుగా అభిషేకము పొందినారు. చర్చి మిషనరీ సొసైటీవారి కోయ మిషను ఆ విధముగా మొదలైనది.

రాజుగారి సంగతి నన్ను ఎప్పుడూ ఆలోచింపజేస్తుంది. ఆనకట్ట పని అంటే కూలీల పని. మేస్త్రీ కేక, జవాను కేక, ఆ పైన దొర కేక. అటువంటి చోట ఉద్యోగిగా ఉన్న అగ్రకులస్థుడు, తాను నిన్నటిదాక దూరమునుండి ఆజ్ఞాపించిన జాతి దగ్గరకు వెళ్లి వాళ్ల గుడిసె ముందు కూర్చుండుట సామాన్యమైన మార్పు కాదు. ఆయన ఏమి ప్రసంగించినారో ఆ ప్రసంగములు మన చేతికి రాలేదు. ఆయన ఎక్కడికి వెళ్లి కూర్చున్నారో అది మాత్రము చరిత్రలో నిలిచినది.

1870లలో దుమ్ముగూడెమునకు వచ్చిన జాన్ కేయిన్ గారి విషయము ఇంకా విచిత్రము. ఆయన చాలాకాలము ఆ ప్రాంతములో ఉండి, కోయవారి ఆచారములు, భాష, పండుగలు, చావు పుట్టుకలు గమనించి, భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గురించి 1876 మొదలుకొని 'ఇండియన్ ఆంటిక్వెరీ' అనే పత్రికలో వ్యాసములు వ్రాసినారు. 1909లో థర్‌స్టన్ దొరగారు దక్షిణ దేశపు కులములు, తెగలను గురించి పెద్ద సంపుటములు అచ్చువేసినప్పుడు కోయలను గురించి కేయిన్ గారి మాటలమీదనే ఎక్కువగా ఆధారపడినారు. (ఈ రేకపల్లి 2014 తరువాత ఆంధ్రప్రదేశ్‌లో చేరినది, భద్రాచలము మనవైపే మిగిలినది. సంఘపు సరిహద్దులకు, సర్కారు సరిహద్దులకు ఎప్పుడూ పొత్తు కుదరదు.)

ఆ వ్రాతలలో ఒక మాట ఉన్నది. కోయవారు సత్యమాడుటకు పేరుపడినవారనియు, ఈ ఒక్క గుణములో మైదానమందలి నాగరికులకు, చదువుకొన్నవారికి వారే మాదిరిగా ఉన్నారనియు కేయిన్ గారి అభిప్రాయము. సోదరులారా, ఈ మాట ఎవరు వ్రాసినారో ఒక్క నిమిషము ఆలోచించండి. సత్యమును బోధించుటకు సముద్రములు దాటి వచ్చినవాడు, తాను బోధింపవచ్చిన జనము సత్యమాడుటలో ముందే ముందున్నారని ఒప్పుకొని అచ్చువేయించినాడు. తన పనికి గిరాకీ పెంచుకొనదలచిన మిషనరీ ఆ మాట వ్రాయడు. అన్యుల అంధకారమును ఎంత నల్లగా చిత్రిస్తే స్వదేశములో కానుకలు అంత ఎక్కువగా వచ్చే రోజులవి. వినుట తెలిసినవాడు గనుక ఉన్నది ఉన్నట్లు వ్రాసినాడు. కేయిన్ గారి గుండె ఎటువంటిదో నాకు ఆయన ప్రసంగములకంటె ఆ ఒక్క వాక్యము ఎక్కువగా చెబుతున్నది. ఆయన కూడ తన కాలపు మనిషియే. కోయవారి ఆచారములను గూర్చి ఆయన వ్రాసిన అన్నిటితోను నేను ఏకీభవించను. అది వేరే సంగతి.

సత్యమాడేవారి గతి ఏమైనదో కూడ చరిత్రలో ఉన్నది. 1879లో రంప పితూరీ లేచి రేకపల్లి, భద్రాచలము దాక ప్రాకినది. కారణములు చదివితే మన సంఘస్థులు తల దించుకోవలసిన పని లేదు గాని, మనుష్యులుగా దించుకోవలెను. కల్లుమీద పన్ను, ముఠాదారుల వసూళ్లు, పోలీసుల లంచములు ఒక ఎత్తు. మైదానమునుండి వచ్చిన వర్తకులు కొండవాళ్లకు అరువిచ్చి, వాళ్లకు తెలియని కోర్టులో డిక్రీలు తెచ్చి, పశువులను, పంటను పట్టుకొనిపోవుట ఇంకొక ఎత్తు. ఒకరు నోటిమాట మీద బ్రతికేవారు, మరొకరు కాగితము మీద. నోటిమాటవాడు అబద్ధమాడలేదు గనుకనే ఓడిపోయినాడు. కాగితమువాడు ఒక్క అబద్ధపు మాటయైనా పలుకకుండ, తియ్యగా మాట్లాడుచునే ఇల్లు దోచినాడు. నోరు మంచిదైతే చాలునా అని నాకు సామెత మీద అనుమానము కలిగేది ఇక్కడనే.

ఇక దోర్నకల్ సంగతికి వస్తాను. ఆ దుమ్ముగూడెపు పని తరువాతి కాలమున దోర్నకల్ అధ్యక్షఖండములో కలిసినది గనుక ఈ రెండు కథలు మనవే.

1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ సొంత కానుకలతో, తమ సొంత మనుష్యులతో ఒక మిషనరీ సంఘమును స్థాపించుకొన్నారు. ఇంగ్లాండు సొమ్ము ఒక్క రూపాయి వద్దనుకొన్నారు. మరుసటి సంవత్సరము వారి మొదటి మిషనరీ దంపతులు నైజాము రాజ్యములోని మానుకోట తాలూకాకు వచ్చినారు. 1906లో మొదటి బాప్తిస్మములు జరిగినవి. ఆ సంఘ స్థాపకులలో ముఖ్యులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1909లో వై.ఎం.సి.ఎ. ఉద్యోగము విడిచి, గురువుగా అభిషేకము పొంది, దోర్నకల్ చేరినారు. 1874లో పుట్టిన ఆయనకు అప్పటికి ముప్పదియైదేండ్లు. ఆ వయస్సులో తెలుగు అక్షరములు దిద్దుట మొదలుపెట్టిన తమిళుడు! బండి 'ఱ' ఎక్కడ, మామూలు 'ర' ఎక్కడ అని మన పిల్లలే కొట్టుకొంటారు. ముప్పదియైదేండ్లవాడు పలక పట్టుకొని, మాల మాదిగ పల్లెలో నిలబడి తప్పు మాట్లాడి నవ్వించుకొనుటకు సిద్ధపడినాడంటే, ఆ తప్పుమాట కూడ ప్రసంగమే. పెంతెకొస్తు దినమున యెరూషలేములో జరిగిన మొదటి అద్భుతము ఏమిటి? వచ్చినవారిలో ప్రతివాడును తన తన భాషలో విన్నాడు. పరదేశులను హెబ్రీ నేర్చుకొని రమ్మనలేదు.

1910 జూన్ నెలలో ఎడింబరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగినది. వెయ్యికి పైగా ప్రతినిధులలో ఆసియావారు బహు కొద్దిమంది. అజరయ్య గారిని మాట్లాడమన్నారు. ఆయన మాట్లాడినది తెల్ల మిషనరీలకు, భారతీయ పనివారికి మధ్యనున్న దూరమును గురించి. మీరు మాకోసము ఎంతో ధారపోసినారు, అది మేము మరువము. కాని మీ ప్రేమలో పైనుండి క్రిందికి చూచు చూపు ఉన్నది, మీ బల్లవద్ద మాకు చోటు ఉండదు, మాకు కావలసినది స్నేహితులు అని ఆయన ప్రసంగ సారాంశము. ప్రేమ లేని దేవదూతల భాష కూడ మ్రోగే కంచు వంటిదని పౌలు కొరింథీయులకు వ్రాసిన అధ్యాయమునే ఆయన ఆ సభముందు పెట్టినారు. సభలో కొందరికి ఆ మాట గుచ్చుకొన్నది, పెద్దలు నొచ్చుకొన్నారు. అన్నము పెట్టినవారి ఇంట నిలబడి వారి తప్పు చెప్పుట తేలిక కాదు. అయినను తిట్టు లేదు, వెక్కిరింత లేదు, కృతజ్ఞత మరువలేదు. కఠినమైన సత్యము మెత్తని నోటితో ఎట్లు చెప్పవచ్చునో చూడదలచినవారికి అంతకంటె మంచి మాదిరి మన అధ్యక్షఖండ చరిత్రలో నాకు కనబడలేదు.

రెండేండ్ల తరువాత, 1912 డిసెంబరు 29న, కలకత్తా సెయింట్ పాల్స్ దేవాలయములో ఆయన బిషప్పుగా అభిషేకము పొందినారు. ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు. భారతీయుని క్రింద మేము పనిచేయుటా అని కొందరు తెల్లవారు, మనవాడు మనమీద పెత్తనమా అని కొందరు భారతీయులు అభ్యంతరము చెప్పినారు. ఈ రెండవ రకమువారిని మనము చరిత్రలో తరచుగా మరచిపోతాము.

ఇప్పుడు పల్లెలోకి రండి. ఆనాటి నైజాము పల్లెలో మాట ఎట్లుండేదో మా నాయనమ్మ చెప్పేది. మాది మానుకోట వైపు పల్లె. వెట్టిచాకిరీ రోజులు. దొర కనబడితే చెప్పులు చేతబట్టుకోవలెను, 'నీ బాంచను, కాల్మొక్త' అనవలెను. మావాళ్ల పేర్ల చివర 'గాడు' తప్ప 'అయ్య' ఉండరాదు. బాప్తిస్మములో గురువుగారు యోహాను అని పేరు పెడితే, మరునాడు గడీ ముందు అది 'యోహానుగా' అయినది. పేరు మారినా పిలుపు మారలేదు. ఆదివారము నాడు ఒక్క పూట మాత్రము, గుడిసె వంటి ప్రార్థనాలయములో, ఉపదేశిగారు మా తాతను 'అన్నా' అని పిలిచేవారట. "ఆ ఒక్క పిలుపుకే మీ తాత వారమంతా బతికిండు బిడ్డా" అని మా నాయనమ్మ అనేది. ఆమెకు విశ్వాస ప్రమాణము సగమే వచ్చు. కాని ఆ పిలుపు వరుస తప్పకుండ చెప్పేది.

అజరయ్య గారి కాలములో బాప్తిస్మము పొందినవారికి ఒక అలవాటు నేర్పినారు. తన చేయి తన తలమీద పెట్టుకొని, సువార్త చెప్పకపోతే తనకు శ్రమయని పౌలు వ్రాసిన మాటను తానే పలుకవలెను. మన పల్లెలలో నెత్తిమీద చేయి పెట్టుకొనుట అంటే ఒట్టు పెట్టుకొనుటే. చదువురాని మనిషికి అంతకంటె అర్థమయ్యే ఒడంబడిక లేదు. సువార్త చెప్పుట అంటే వీధిలో డప్పు కొట్టి పాడుటయే కాదనియు వారికి తెలిసే ఉండవలెను. ఎందుకంటే మురికి, రోగము, అప్పు, తాగుడు అను నాలుగు దయ్యములను వెళ్లగొట్టుమని ఆ బిషప్పుగారే ఎడ్లబండిమీద ఊరూరా తిరిగి చెప్పినారు. దోర్నకల్‌లో పల్లె ఉపాధ్యాయులకు తరిఫీదు ఇచ్చినప్పుడు భార్యలను కూడ వెంట తెచ్చుకొమ్మన్నారు. వంటింటి మాట మారకుండ వాకిటి మాట మారదని తెలిసినవారు చేసే పని అది. ఈ విషయములో ఆయన భార్య అన్బు అమ్మగారి శ్రమ చాల ఉన్నది. ఆమెను గూర్చి వేరే వ్యాసము ఎవరైన వ్రాయవలెను.

1920లు, 1930లలో పల్లెలలో మరియొక సంగతి జరిగినది. మాల మాదిగల వెనుక కొందరు సవర్ణులు, ఇతర కులములవారు సంఘములోకి రాసాగినారు. ఎందుకు వచ్చినారంటే, నిన్నటిదాక తాగి తిట్టుకొనే వాడ ఈనాడు ఎందుకు మారినదని చూచి వచ్చినామని వారు చెప్పినట్లు అజరయ్య గారు పలుమార్లు వ్రాసినారు. ప్రసంగికులు పోలేని ఇంటికి పాలేరు నడత పోయినదన్నమాట. 1936, 37లలో గాంధీగారు తమ 'హరిజన్' పత్రికలో ఈ సామూహిక మార్పులను ప్రశ్నించినారు. ఇవి హృదయపు మార్పులా, ఆశలు చూపి తెచ్చిన మార్పులా అని వారి సందేహము. మన పెద్దలకు ఆ మాట కష్టము కలిగించినది. నేడు నిదానముగా చూస్తే ఆ ప్రశ్నకు మనము కోపపడనవసరము లేదు. హృదయము కనబడదు; కనబడేది మాట, నడత మాత్రమే. గాంధీగారు అడిగిన సాక్ష్యమునే ప్రభువు కూడ అడిగినారు, పండు చూపించుమని. అయితే ఒక్కటి మాత్రము గాంధీగారితో నేను వాదించెదను. ఆకలిగొన్నవాడు, అవమానపడినవాడు తన గౌరవము కొరకు కదిలితే అది హృదయము కానట్లు, కడుపు నిండినవాడు తత్త్వము కొరకు కదిలితేనే హృదయమైనట్లు మాట్లాడుట న్యాయము కాదు. మా తాతకు 'అన్నా' అనే పిలుపు కావలెననిపించుట ఆశయే. ఆ ఆశ హృదయములో కాక మరెక్కడ పుడుతుంది?

1945 జనవరి 1న అజరయ్య గారు దోర్నకల్‌లోనే కన్నుమూసినారు. అప్పటికి అధ్యక్షఖండములో రెండు లక్షలకు పైగా క్రైస్తవులు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినది. ఆ తరువాతి చరిత్ర మీ అందరికి తెలిసినదే. అందులో మంచి చాల ఉన్నది, దానిని ఇతరులు వ్రాస్తారు. నేను రెండు చేదు సంగతులు మాత్రము చెప్పి ముగించవలెను.

మొదటిది, ఒకే గిన్నెలో పాలుపొందిన మాలలు, మాదిగలు బల్ల దిగగానే వేరు వేరు గుంపులైన సంగతి. ఇది అజరయ్య గారి కాలమునుండి ఉన్న పుండే. పెండ్లి సంబంధముల దగ్గర, కమిటీ ఎన్నికల దగ్గర మన నోట వచ్చే మాటలను ఒక్కసారి గుర్తు తెచ్చుకొనండి. అరణ్య పల్లెల్లో ఇంకొక మెట్టు క్రింద కోయవారిని, లంబాడీలను నిలబెట్టి, మనము ఒక మెట్టు పైకి ఎక్కినట్లు సంతోషించుట కూడ చూచినాను. 1940లలో నైజాము సర్కారు తరఫున హైమన్‌డార్ఫ్ గారు వరంగల్ జిల్లా అడవులు తిరిగి, కోయవారి భూములు అప్పుపత్రములమీద, వాళ్లు చదువలేని ఉర్దూ కాగితములమీద ఎట్లు చేజారిపోయినవో వ్రాసినారు. తరువాత 1959లో, మరల 1970లో ఏజెన్సీ భూముల బదలాయింపును అరికట్టే చట్టములు వచ్చినవి. చట్టము ఒకవైపు, నోటిమాట కౌలు ఒకవైపు. కోయవాడు ఇచ్చిన మాట తప్పడని తెలిసి, ఆ మాటమీద తరతరాలుగా అతని చెలక దున్నుకొంటున్నవారు ఆదివారము మన బెంచీలమీద ఒక్కరును లేరని నేను చెప్పలేను.

రెండవది నా సొంత సంగతి. 1978లో నాకు ఇరువది రెండేండ్లు. టేకులపల్లి దగ్గర ఒక కోయగూడెములో పంతులు ఉద్యోగము వచ్చినది. తెల్ల చొక్కా, చేతి గడియారము. ఆదివారములు సంఘములో పాఠము చదివేవాడిని. నా గొంతు బాగుంటుందని అందరనేవారు. ఒకనాడు సాయంత్రము మా అమ్మ నా గది చూడవచ్చినది. అప్పుడే గూడెపు పెద్ద ఒకాయన, తల నెరిసినవాడు, మనుమని బడిలో వేయుట గురించి అడుగుటకు వచ్చి వాకిట్లో నిలబడినాడు. నేను కుర్చీలోనుండి లేవకుండ, "ఏరా, ఏం పనిమీద వచ్చినవ్?" అన్నాను. ఆయన "సారూ" అన్నాడు. పని చెప్పుకొని వెళ్లిపోయినాడు. ఆయన మొగములో ఏ మార్పు లేదు, అలవాటైన పిలుపే గనుక.

మా అమ్మ చాలసేపు మాట్లాడలేదు. పొయ్యి ముట్టించి, బియ్యము కడుగుచు, నావైపు చూడకుండ, "మీ తాతను గూడ గడీ కాడ గట్లనే పిలిచిండ్రు రా" అన్నది. అంతే. ఆ రాత్రి అన్నము వడ్డించినది గాని నాతో కూర్చుండి తినలేదు.

ఎదుటివాడు దొర అయితే నోరు ఎంత మెత్తనో, ఎదుటివాడు బీదవాడైతే అంత కటువు. నేను బుద్ధిపూర్వకముగా ఆయనను అవమానింపలేదు. ఆలోచించి అన్న మాట కాదు. ఆలోచింపక అన్నది గనుకనే అది నా హృదయములోనుండి వచ్చినది. ప్రధానయాజకుని వాకిట్లో పేతురు ఒట్టు పెట్టుకొని బుకాయించుచుండగా, నీ మాట తీరే నిన్ను పట్టిస్తున్నదని అక్కడివారు అన్నారు. పేతురు యాస పట్టించినది తానెవరి మనిషియో. నా 'ఏరా' పట్టించినది కూడ అదే, నేను ఎవరివైపు మనిషినైనానో.

మన తెలుగువారిది విచిత్రమైన నోరు. వెనుకనుండి చెప్పుకొనునప్పుడు 'కోయదొరలు' అంటాము. ఎదుట పడినప్పుడు 'ఏరా' అంటాము.

మరునాడు బడి వదిలిన తరువాత ఆయన గుడిసెకు వెళ్లినాను. క్షమాపణ అని పెద్ద మాట ఏమీ అనలేదు, అనుటకు నోరు రాలేదు. "తాతా, నీ మనుమని పేరు వ్రాసుకొందామని వచ్చిన" అన్నాను. ఆయన మంచము వాల్చినాడు. నేను క్రిందనే కూర్చున్నాను. దాహమైనది. అప్పటికి పిల్లల దగ్గర నేను పట్టుకొన్న కోయమాటలు నాలుగో అయిదో. మన తెలుగులో ఏరు అంటే పారే వాగు. కోయలో ఆ మాటకే నీళ్లని అర్థము. నేను ధైర్యము చేసి "ఏరు" అన్నాను. పలికిన తీరులో ఏమి తప్పున్నదో, గుడిసె లోపలనుండి ఆడపిల్లలు పకాలున నవ్వినారు. ముసలాయన కూడ నవ్వి, ఆ మాటను రెండుసార్లు నెమ్మదిగా పలికి నాచేత పలికించి, అప్పుడు సొరబుర్ర వంచి నా దోసిట్లో నీళ్లు పోసినాడు.